ఇంట్లో వాళ్ళ పుట్టిన ఏడాది నాణేలు ఏరి ఫ్రేమ్ కట్టించడం ఎట్టా: నాయన షష్టిపూర్తికి నేను చేసిందంతా

మా నాయన షష్టిపూర్తికి ఏం ఇవ్వాలా అని రెండు నెలలు తల పట్టుకున్నా. ఉంగరం చేయిస్తే పెట్టుకోడు, వాచీలు రెండుండాయి, బట్టలు ఎటూ పెడతాం. చివరికి ఇంట్లో వాళ్ళందరి పుట్టిన ఏడాది నాణేలు తలా ఒకటి సంపాదించి, తాత నుంచి నా కూతురి దాకా వరసగా పెట్టి ఫ్రేమ్ కట్టించి ఇచ్చా. పన్నెండు మందికి పన్నెండు నాణేలు, ఏముందిలే వారంలో అయిపోద్ది అనుకున్నా గానీ నాలుగు నెలలు పట్టింది, అదీ నాణేలు దొరక్క కాదు, ఎవురు ఏ ఏడాది పుట్టారో తేలక. అందుకే ముందు దాని గురించే చెప్తా, మీరు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టబోయేముందు ఇది చదవండి.

ముందు ఏడాది తేల్చుకోండి

ఆధార్ కార్డు చూసి రాసుకుంటే అయిపోద్ది అనుకోవద్దు. 1990 ముందు పుట్టిన వాళ్ళలో చాలామందికి కార్డులో ఉండేది బడిలో అయ్యవారు వేసిన తేదీ. మీ పెద్దోళ్ళ సర్టిఫికెట్లు ఒకసారి తీసి చూడండి, సగం మంది జులై 1నే పుట్టి ఉంటారు. పిల్లోడు ఇంట్లో అల్లరి చేస్తన్నాడని ఏడాది పెంచి బడిలో వేసేవాళ్ళు, కొందరికి ఉద్యోగం రెండేళ్ళు ఎక్కువ రావాలని తగ్గించి వేసేవాళ్ళు. మా నాయనది సర్టిఫికెట్‌లో 1-7-1963. మా అవ్వని అడిగితే "అరవై మూడేందిరా, వాడు క్రోధిలో గదా పుట్టింది" అనింది.

ఇక్కడ మనకి ఒక సుళువు ఉంది. పెద్దోళ్ళకి ఇంగ్లీషు ఏడాది గుర్తుండకపోయినా తెలుగు సంవత్సరం పేరు గుర్తుంటది. ఆ పేర్లు 60 ఏళ్ళకోసారి తిరిగొస్తాయి గదా, 1987లో ఉగాదికి ప్రభవ మొదలైంది, దాని ముందుది 1927లో. అక్కడి నుంచి వేళ్ళ మీద లెక్కేసుకోవచ్చు. సర్వధారి 1948, నందన 1952, క్రోధి 1964, రౌద్రి 1980. అసలు షష్టిపూర్తి చేసేదే పుట్టిన పేరు సంవత్సరం మళ్ళీ తిరిగొచ్చిందని, 2024 ఉగాదికి క్రోధి వచ్చింది, అంటే నాయనది 1964. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, ఉగాది మార్చిలోనో ఏప్రిల్లోనో వస్తది కాబట్టి సంక్రాంతికీ శివరాత్రికీ పుట్టినోళ్ళకి ఇంగ్లీషు ఏడాది ఒకటి కలపాలి. క్రోధిలో శివరాత్రికి పుట్టినాయన 1965 వాడు, నాణెం మీద ఉండేది ఇంగ్లీషు అంకెలే గదా.

పేరు కూడా గుర్తు లేకపోతే ఊళ్ళో ఏం జరిగిందో అడగండి. నాయన సంగతి నాకు గట్టిగా తేలింది ఇట్టాగే. "నీ నాయన కడుపులో ఉండగా నెహ్రూ పోయాడు, రేడియోలో చెప్తావుంటే మీ తాత అన్నం ముందు నుంచి లేచిపోయినాడు" అనింది అవ్వ. నెహ్రూ పోయింది 1964 మే 27న, నాయన పుట్టింది శ్రావణంలో, సరిగ్గా సరిపోయింది. మా చిన్నత్త సంగతికి వస్తే రాకెట్ ఏడాది పుట్టిందని అందరూ అంటారు, ఏ రాకెట్ అంటే ఒక్కొక్కరు ఒక్కోటి. శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 మొదటిసారి 1979 ఆగస్టులో వదిలితే సముద్రంలో పడింది, రెండోసారి 1980 జులైలో సరిగ్గా ఎగిరింది. "పడిందా, ఎగిరిందా?" అని అడిగితే అవ్వ కాసేపు ఆలోచించి "పేపర్లో అందరూ నవ్వతా ఉండారు" అనింది. అది ఎగిరిన ఏడాదే, 1980. నా సంగతి సులువు, 1989 నవంబర్లో కావలి దగ్గర తీరం దాటిన తుపానుకి వారం ముందు పుట్టా, కప్పు ఎగిరిపోతే నన్ను బియ్యం బస్తాల మధ్య పడుకోబెట్టారంట, ఇంట్లో ఇంతవరకు ఆ కథ చెప్పని పండగ లేదు.

ఈ పని ఫోన్లో చేయొద్దు. సాయంత్రం అరుగు మీద కూర్చుని అడగండి, అప్పుడే ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు, ఆ వాదనలోనే అసలు సంగతి బయటపడద్ది.

ఏ ఏడాదికి ఏ నాణెం

ఇప్పుడు కాగితం మీద పేరు, ఏడాది రాసుకుని పక్కన ఏ నాణెం వెతకాలో రాసుకోండి. అన్ని ఏళ్ళలో అన్ని నాణేలూ రాలేదు, ఇది తెలీకపోతే లేని నాణెం కోసం తిరగతా ఉంటారు.

1957 ఏప్రిల్ 1కి ముందు ఇప్పటి పైసలు లేవు, రూపాయికి 16 అణాలు, అణాకి 4 కాణీలు. 1943లో పుట్టిన మా తాతకి చిల్లుకాణీ పెట్టా, మధ్యలో బొక్క ఉండే రాగిరంగు కాణీ, 1943 నుంచి 1947 దాకా వచ్చింది, ఆ అయిదేళ్ళలో పుట్టినోళ్ళకి ఇంతకన్నా ముచ్చటైన నాణెం ఇంకోటి లేదు. చిల్లు కాబట్టి మొలతాడుకి కట్టేవాళ్ళంట. 1947 వాళ్ళకి పులిబొమ్మ ఉన్న నికెల్ రూపాయి, అర్ధరూపాయి కూడా ఉండాయి గానీ రూపాయి రేటు ఎక్కువ చెప్తారు.

1948, 1949 దగ్గర అందరూ ఇరుక్కుంటారు, మా అవ్వ 1948. ఆ రెండేళ్ళ అంకెలు వేసి మన ప్రభుత్వం నాణేలు తేలేదు, రాజు బొమ్మవే నడిచి, సింహాలవి 1950 ఆగస్టు 15న వచ్చినాయి. "1948 రూపాయి ఉంది" అని ఎవురన్నా ఫోటో పెడితే నమ్మొద్దు. దీనికి నాకు దొరికిన దారి ఏందంటే, గాంధీ శతజయంతికి 1969లో వేసిన నాణేలు. వాటి మీద వేసిన ఏడాది ఉండదు, గాంధీ బొమ్మ దగ్గర 1869-1948 అని ఉంటది. పసుపు రంగు 20 పైసలది, అర్ధరూపాయి, రూపాయి మూడూ తేలిగ్గానే దొరకతాయి. అవ్వకి ఆ 20 పైసల బిళ్ళ పెట్టా. నాణెం వేసిన ఏడాది కాదు గదా అని మీకు మనసొప్పకపోతే 1948 ఆగస్టు 15న వచ్చిన గాంధీ తపాలా బిళ్ళ చూడండి, ఒకటిన్నర అణాది అయితే పెద్ద ఖర్చు కాదు. 1949 వాళ్ళకి కూడా తపాలా బిళ్ళే దిక్కు, ఆ ఏడాది ఆగస్టు 15న గుళ్ళూ స్తూపాల బొమ్మలతో ఒక వరస వచ్చింది.

1950 నుంచి గుర్రం బొమ్మ కాణీ, ఎద్దు బొమ్మ అణా, బేడ (రెండణాలది), కంకుల రూపాయి. 1952, 53లో పుట్టినోళ్ళకి నేరుగా గుర్రం కాణీ వెతకండి, టైమ్ మిగలద్ది. 1956 వాళ్ళకి పావలా, అర్ధ చూడండి. 1957 నుంచి 1963 దాకా నయా పైసలు, 1964లో ఆ "నయా" తీసేశారు.

1964 బాగా కలిసొచ్చిన ఏడాది. ఆరు పలకల 3 పైసల బిళ్ళ మొదలైంది ఆ ఏడాదే, నెహ్రూ బొమ్మతో రూపాయి, అర్ధరూపాయి వచ్చింది కూడా అప్పుడే, మీద 1889-1964 అని ఉంటది. నాయన కడుపులో ఉండగా నెహ్రూ పోయాడన్న మాట విన్నాక ఇంగ వేరేది చూడలేదు, నెహ్రూ రూపాయే.

1965 నుంచి 1974 మధ్య పుట్టినోళ్ళకి రూపాయి బిళ్ళే కావాలని పట్టుబట్టొద్దు. 1962 తర్వాత మామూలు రూపాయి మళ్ళీ జనం చేతుల్లోకి బాగా వచ్చింది 1975 నుంచే, మధ్యలో నోటే నడిచింది. చిల్లర మాత్రం బోలెడు. అమ్మది 1968, ఆ ఏడాదే తామరపువ్వు 20 పైసలు మొదలైంది, 71 దాకా వేశారు, పసుపు రంగులో ఫ్రేమ్‌లో అన్నిటికన్నా అదే మెరస్తది. రూపాయే కావాలంటే ఆ కాలపు ఒక్కరూపాయి నోటు వెతకండి, నోటు మీద వేసిన రూపాయి బిళ్ళ బొమ్మలో ఏడాది ఉంటది.

1970లలో ఇంకో సరదా ఉంది, ఏటా ఏదో ఒక నినాదంతో 5, 10 పైసల బిళ్ళలు వేసేవాళ్ళు. 1975ది స్త్రీల సంవత్సరం, 1979ది పిల్లల సంవత్సరం, 1980ది గ్రామీణ స్త్రీల అభివృద్ధి, ఇది మా చిన్నత్తకి అతికినట్టు సరిపోయింది, డ్వాక్రా గ్రూపు లీడరు ఆమె. 1974ది కుటుంబ నియంత్రణ నాణెం, మూడోవాడైన మా చిన్నాయనకి అదే పెట్టా, చూసి ఇల్లంతా నవ్వు, ఆయన మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. మీ ఇంట్లో అలిగేవాళ్ళుంటే మామూలు పది పైసలు పెట్టుకోండి.

1988 తర్వాత పుట్టినోళ్ళకి స్టీలు బిళ్ళలు, ఖడ్గమృగం పావలా అందరం చూసిందే, 1992 నుంచి స్టీలు రూపాయి, పదకొండు పలకల 2 రూపాయలు. ఇంగ 2011 తర్వాత పిల్లలకైతే ₹ గుర్తు ఉన్నవి, కిరాణా కొట్లో గల్లాపెట్టె వెతికితే చాలు.

ఇల్లంతా వెతకండి, ముడుపు మాత్రం ముట్టుకోవద్దు

కొనే ముందు ఇంట్లో చూడండి. బీరువా లాకర్ కాదు, పోపులపెట్టె అడుగు, దేవుడి గూట్లో పసుపు గిన్నె, కుట్టుమిషన్ సొరుగు, పాత ట్రంకుపెట్టెలో పేపరు కింద, పిల్లల కిడ్డీ బ్యాంకు. మాకు 1967 మూడు పైసలది, పెద్దత్తది, కుట్టుమిషన్ సొరుగులో బొత్తాల మధ్య దొరికింది. పసుపు గుడ్డలో మూట కట్టి ఉంటే అది ముడుపు, అందులో కావాల్సిన ఏడాది ఉన్నా సరే ఇప్పొద్దు. నేను ఒకటి విప్పబోతే అవ్వ చేసిన గోలకి పక్కింటోళ్ళు వచ్చారు, అది 1977లో కొండకి మొక్కుకున్నదంట, అప్పటిదాకా తీర్చలేదు. ఆ మూట పట్టుకుని ఆ నెలలోనే అందరం తిరుపతి పోయొచ్చాం, అదో ఖర్చు.

తర్వాత చుట్టాలని అడగండి. పెళ్ళిలోనో పేరంటంలోనో "పాత చిల్లర ఏమన్నా ఉందా" అంటే ప్రతి ఇంట్లో ఒక డబ్బా బయటికొస్తది, 2011 జూన్ 30 తర్వాత పావలా, అంతకన్నా చిన్నవి చెల్లవని తేలాక చాలామంది మార్చుకోకుండా అట్టాగే పడేసి ఉంచారు. అడిగి తీసుకోండి, బదులుగా కొత్త పది రూపాయల బిళ్ళ ఇవ్వండి, ఊరికే తీసుకుంటే తర్వాత "మా నాణేలు లక్షలు పలికేవి" అని మాట వస్తది.

కొనేటప్పుడు

మిగిలిన నాలుగైదింటికి కొట్టుకి పోవాలి. నెల్లూరులో నేను ఆచారి వీధి వైపు వెండిపని చేసే వాళ్ళ దగ్గర అడిగా, పాత వెండితో పాటు వచ్చిన చిల్లర ఒక డబ్బాలో వేసి ఉంచుతారు, కూర్చుని ఏరుకోనిచ్చే ఓపిక ఉన్నాయన దొరికితే అదృష్టం. పాతసామాన్ల కొట్లలో కూడా చూడండి. ఆన్‌లైన్‌లో అయితే నాణెం రెండు వైపులా ఫోటో, అంకెలు కనపడేట్టు, అది కూడా మీకు పంపే నాణేనిదే అడగండి. నాకు ఒకాయన 1974ది అని చెప్పి 1971ది పంపాడు, నాలుగో అంకె అరిగిపోయి ఉంది, అడిగితే "భూతద్దంలో చూడండి సార్" అన్నాడు. చూశా, నాలుగు కాదు, ఒకటే.

రేటు సంగతి ఒక్క మాట. మనకి కావాల్సింది జనం వాడి అరిగిన మామూలు నాణెం, అది చిల్లరకే దొరకాలి. నాకు కొన్నవన్నీ కలిపి ఏడొందలు అయింది, అందులో సగం నెహ్రూ రూపాయికే, బాగా మెరుపున్నది కావాలని ఆశపడ్డా కాబట్టి. ఎవురన్నా "ఈ పావలా లక్ష" అంటే లేచి వచ్చేయండి. అట్టాగే "మీ పాత నాణేలు రిజర్వ్ బ్యాంకు కొంటది, ముందు ఫీజు కట్టండి" అని ఫోన్లు వస్తాయి, అది మోసం, రిజర్వ్ బ్యాంకే 2021లో అట్టాంటి వ్యాపారం తాము చేయమని ప్రకటన ఇచ్చింది.

ఒక అయస్కాంతం జేబులో వేసుకుపోండి. 1950 కంకుల రూపాయి, 1964 నెహ్రూ రూపాయి నికెల్‌వి, అంటుకోవాలి. స్టీలు పావలా అంటుకుంటది. అల్యూమినియం పైసలు, తామరపువ్వు 20 పైసలు, చిల్లుకాణీ అంటుకోవు. ఇదొక్కటే చాలదు గానీ పోత పోసిన దొంగ నాణేలు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి.

ఏడాది అంకె కింద చిన్న గుర్తు ఉంటది, అది ఏ టంకశాలలో తయారైందో చెప్తది. నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, గుండ్రటి చుక్క నోయిడా, ఏమీ లేకపోతే కలకత్తా. తప్పనిసరేం కాదు, నేను మాత్రం నా 1989 పావలాకి నక్షత్రం ఉన్నదే ఏరుకున్నా. 1985 వాళ్ళ రూపాయి కింద హెచ్ అనే ఇంగ్లీషు అక్షరం కనపడితే కంగారు పడొద్దు, ఆ ఏడాది చిల్లర కొరత వచ్చి ఇంగ్లండులో కూడా కొట్టించారు.

తోమొద్దు

ఇది పెద్ద అక్షరాలతో రాయాల్సింది. మన ఇళ్ళల్లో రాగి చెంబు చూస్తే చింతపండు గుర్తొస్తది, అదే బుద్ధితో నేను మొదట దొరికిన చిల్లుకాణీని చింతపండు, ఉప్పు వేసి తోమా. ఎనభై ఏళ్ళు పట్టుకున్న ముదురు గోధుమరంగు రెండు నిమిషాల్లో పోయి గులాబి రంగులో తేలింది, వారానికి మచ్చలు మచ్చలుగా నల్లబడింది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి కొనాల్సొచ్చింది. చింతపండు, నిమ్మకాయ, బూడిద, విమ్, టూత్‌పేస్టు, ఏదీ వద్దు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్లో ఒక రాత్రి నానబెట్టి, తీసి మెత్తటి నూలుగుడ్డ మీద ఆరబెట్టండి, రుద్దొద్దు, అద్దండి. మన పంపు నీళ్ళు కూడా వద్దు, ఉప్పు ఎక్కువ. అల్యూమినియం పైసలకి తెల్లటి గుంటలు పడి ఉంటే అవి పోవు, వదిలేయండి. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోండి, వేలిముద్ర పడితే రాగి మీద నెలకి కనపడద్ది.

ఫ్రేమ్ కట్టించడం

మామూలు ఫోటో ఫ్రేమ్ పనికిరాదు, లోతు ఉండే డబ్బా ఫ్రేమ్ కావాలి, అర అంగుళం లోతు చాలు. ఒక్కో నాణేన్ని గుండ్రటి గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్‌లో పెట్టి, మందపాటి అట్టలో ఆ సైజుకి బొక్కలు కోయించి దింపాలి. కొలత మీరే ఇవ్వండి, స్కేలుతో కాదు, ఫ్యాన్సీ కొట్లో దొరికే ప్లాస్టిక్ కాలిపర్‌తో. నెహ్రూ రూపాయి 28 మిల్లీమీటర్లు, ఖడ్గమృగం పావలా 19, తేడా అంత ఉంటది. పలకల బిళ్ళలకి మూల నుంచి మూలకి కొలవండి. మెత్తటి, సాగే ప్లాస్టిక్ కవర్లలో మాత్రం పెట్టొద్దు, ఆ పీవీసీ కొన్నేళ్ళకి చెమర్చి నాణెం మీద పచ్చటి జిగురు పట్టద్ది.

ఫ్రేమ్ కట్టే అబ్బాయి ఖచ్చితంగా ఫెవిక్విక్ తీస్తాడు. పక్కనే నిలబడండి. జిగురు క్యాప్సూల్‌కి వెనక వేసుకోవచ్చు, నాణేనికి తగలకూడదు. బొక్క వేసి గొలుసులో గుచ్చుదాం, టంకం పెడదాం అంటారు కొందరు, ఇప్పటికీ చెల్లే నాణేలు కోయడం, కరిగించడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం.

మాకు మైపాడు సముద్రం దూరమేం కాదు, గాలిలోనే ఉప్పు. అందుకని వెనక అట్ట మూసే ముందు రెండు సిలికా జెల్ పొట్లాలు పెట్టించా, కొత్త చెప్పుల డబ్బాలో వస్తాయే అవే. వంటింటి గోడకీ, వానకి చెమ్మపట్టే పడమటి గోడకీ తగిలించొద్దు.

పేర్ల చీటీలు చేత్తో రాయించండి. మాకు చెల్లెలు రాసింది, పైన పేరు, కింద తెలుగు సంవత్సరం, ఇంగ్లీషు ఏడాది, దాని కింద ఒక్క ముక్క. అవ్వ కింద "సర్వధారి, 1948, దసరా ముందు". అత్త కింద "రౌద్రి, 1980, రాకెట్ ఎగిరింది". నా కింద ఏం రాసిందో మీరు ఊహించుకోవచ్చు, బియ్యం బస్తాలు.

అమెరికాలో ఉండేవాళ్ళకి పంపాలనుకుంటే ఒక జాగ్రత్త. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, దేశం దాటించకూడదు. ముత్తాత 1917 వెండి రూపాయి సూట్‌కేస్‌లో పెట్టి పంపేరు, ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడేది వాళ్ళు. చిల్లుకాణీ, పైసలకి ఈ బాధ లేదు.

షష్టిపూర్తి రోజు భోజనాలయ్యాక ఫ్రేమ్ నాయన చేతికిచ్చాం. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కోటి చదివాడు, తన నెహ్రూ దగ్గర ఆగాడు. "అరవై మూడు ఏదిరా?" అన్నాడు. "నువ్వు పుట్టింది అరవై నాలుగులో గదా నాయనా" అంటే, "అది మీ అవ్వకి తెలుసు. వచ్చే జూన్లో నన్ను బళ్ళోంచి రిటైరు చేసి పంపించేది ఆ అరవై మూడే గదా" అన్నాడు. మర్నాడు కుట్టుమిషన్ సొరుగు మళ్ళీ కుమ్మరిస్తే 1963 నయా పైసా ఒకటి దొరికింది, ఫ్రేమ్ వెనక చిన్న కవరు అంటించి అందులో వేశా.